చిల్లు కాసుల వెంట సార్డీనియాలో మూడు రోజులు

మనవైపు చిల్లిగవ్వ అంటే దేనికీ కొరగాదని లెక్క. నేను ఇటలీ దీవి సార్డీనియా వెళ్లింది మాత్రం చిల్లు పడ్డ కాసుల పిచ్చితోనే. క్రీ.పూ. 238లో రోమ్ లాక్కునేదాకా ఆ దీవి ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీ నగరం వాళ్లది. వాళ్ల కంచు నాణెం మీద ఒకవైపు ధాన్యపు వెన్నులు తలకు చుట్టుకున్న దేవత, రెండోవైపు గుర్రం. ప్యూనిక్, అంటే కార్తేజీ కాలపు సమాధుల్లో కొన్ని నాణేలకు చిల్లు పొడిచి ఉంటుంది, మెడలో వేసుకోవడానికి. అవి చెల్లకుండా పోయిన ఎన్నో వందల ఏళ్ల తర్వాతి సమాధుల్లోనూ ఇలా దొరికాయి.

ఎల్మాస్ విమానాశ్రయం నుంచి దీవి రాజధాని కాల్యరి ఊళ్లోకి రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. బస ఓడరేవు దగ్గర మరీనా పేటలో. గది శుభ్రం, కాఫీ అద్భుతం. లిఫ్టు లేదన్న ముక్క మాత్రం ముందు చెప్పలేదు, మూడంతస్తులూ పెట్టెలు మోశాను. కింద వీధిలో భోజనాల బల్లలు; ఒంటిగంట దాకా గోలే.

పురావస్తు మ్యూజియం కోట పేట పైన. జనమంతా మోంతె ప్రామా అనేచోట దొరికిన పురాతన రాతి వీరుల విగ్రహాల చుట్టూ మూగుతారు కాబట్టి చిన్న వస్తువుల దగ్గర తీరిగ్గా నిలబడొచ్చు. ఓల్బియా ఊరి సమాధిలో దొరికిన గాజు దండని వదలకండి, పూసల మధ్య గడ్డాల మగ తలలు వేలాడుతుంటాయి. చిల్లు నాణెం ఎక్కడ కనబడినా చిల్లు ఎక్కడుందో చూడండి. దేవత నెత్తిన ఉంటే ఆవిడ నిటారుగా వేలాడుతుంది. మెడ దగ్గరుంటే తలకిందులు. వేసుకున్నవాళ్లకి బొమ్మ ముఖ్యమా, లోహం ముఖ్యమా అన్నది అక్కడే కొంత తెలుస్తుంది.

"కాసులపేరేగా! అయినా అమ్మవారి నెత్తిన చిల్లేమిటండీ, మనవాళ్లు వెనక కొక్కెం అతుకుతారు" అంది మా ఆవిడ. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చక్రవర్తి తలపైన రెండేసి చిల్లులు పొడిచినవి ఉన్నాయని చెప్పాక కాస్త తగ్గింది.

తువిషెద్దు అనే ప్యూనిక్ శ్మశానం కాల్యరి ఊళ్లోనే, అపార్టుమెంట్ల మధ్య. కొండరాతిలో బావుల్లా తొలిచిన సమాధులు. నీడ లేదు, వివరాల పలకలు చాలవు, గంట చాలు.

అసలు తృప్తి సంత్ అంతియోకో అనే ఊళ్లో. బస్సులో దాదాపు రెండు గంటలు. అక్కడ ప్యూనిక్ సమాధుల్ని పేదవాళ్లు ఇళ్లు చేసుకుని ఇరవయ్యో శతాబ్దం దాకా కాపురాలు చేశారు. లోపల నిలబడితే ముందు వంటగది గుర్తొస్తుంది, శవం కాదు.

శాకాహారులకి కులుర్జోనెస్: బంగాళాదుంప, పుదీనా కూరిన కజ్జికాయల్లాంటివి, కాకపోతే ఉడికిస్తారు. అందులో వేసే గొర్రెపాల చీజ్ వాసన పడకపోతే అప్పడంలాంటి కరసావు రొట్టె ఉంది.

ఒక్క రోజే ఉంటే మ్యూజియం చాలు. రెండుంటే తువిషెద్దు మానేసి సంత్ అంతియోకో వెళ్లండి. తిరుగు బస్సు వేళ మాత్రం ముందే కనుక్కోండి. మేం కనుక్కోక గంటన్నర ఎండలో కూర్చున్నాం.