ఉత్ప్రేరణ మీద ఆన్‌లైన్ కోర్సు: క్విజ్‌లు తప్ప అన్నీ నచ్చాయి

ఫిజికల్ కెమిస్ట్రీలో లాంగ్మ్యూర్ సమీకరణం (ఉపరితలం మీద ఎంత చోటు నిండిందో చెప్పేది), ఆర్గానిక్‌లో విల్కిన్సన్ ఉత్ప్రేరకం, బయోకెమిస్ట్రీలో మైఖేలిస్-మెంటెన్ (ఎంజైమ్ వేగాన్ని లెక్కగట్టే సమీకరణం)... దేనికదే బట్టీ పట్టి పరీక్ష అవగానే మర్చిపోయిన బ్యాచ్ నాది. మీదీ అదే అయితే, ఉత్ప్రేరణ (తాను ఖర్చవకుండా రసాయన చర్య వేగాన్ని పెంచడం) మీద ఉన్న ఈ కోర్సు తీసుకోండి.

రెండో వారంలోనే సార్ లాంగ్మ్యూర్‌నీ మైఖేలిస్-మెంటెన్‌నీ పక్కపక్కన రాసి అక్షరాలు మార్చి చూపించారు, రెండూ ఒకే ఆకారం! లోహం ఉపరితలం మీద చోటు నిండిపోయినా, ఎంజైమ్‌లో నిండిపోయినా, ఆ తర్వాత గాఢత ఎంత పెంచినా వేగం పెరగదు, అంతే. ఇన్నేళ్లూ ఈ మాట ఎవరూ చెప్పలేదేంటి అని వీడియో ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నా.

కోర్సు మొత్తంలో బెస్ట్ మాత్రం అమ్మోనియా వారం. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యే చర్యలో వేడి బయటికొస్తుంది కాబట్టి చల్లగా ఉంటేనే దిగుబడి ఎక్కువ, కానీ చల్లగా ఉంటే ఉత్ప్రేరకమైన ఇనుము సరిగ్గా పనిచేయదు, అందుకే 400 డిగ్రీలు దాటించి, పోయిన దిగుబడిని ఒత్తిడి పెంచి రాబట్టుకుంటారు. ఫ్యాక్టరీ 1913లోనే మొదలైంది, ఇనుము మీద నైట్రోజన్ అణువు ఎలా విడిపోతుందో అడుగడుగునా తేల్చిన గెర్హార్డ్ ఎర్ట్ల్‌కి నోబెల్ వచ్చింది 2007లో. ఆ వెంటనే సార్ నైట్రోజినేస్ ఎంజైమ్‌లోకి దూకుతారు: అదే పని, మామూలు ఉష్ణోగ్రతలో, ఓ బాక్టీరియా లోపల. కాకపోతే ఊరికే చేయదు, బోలెడు ఏటీపీ (కణాలకి శక్తినిచ్చే అణువు) ఖర్చు పెడుతుంది.

ఆర్గానిక్ భాగం పర్లేదు. ప్రోలీన్ లాంటి చిన్న అమైనో ఆమ్లం లోహం లేకుండానే ఉత్ప్రేరకంగా పనిచేయడం, ఆ దారికి 2021లో నోబెల్ రావడం బాగా చెప్పారు. ఎలక్ట్రోకెమిస్ట్రీని మాత్రం ఒక్క వారంలో కుక్కేశారు, ఓవర్‌పొటెన్షియల్ (చర్య నడవడానికి లెక్క ప్రకారం కావాల్సినదానికంటే అదనంగా ఇవ్వాల్సిన వోల్టేజీ) దగ్గర నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూసినా సగమే ఎక్కింది.

ఇక క్విజ్‌లు. "ఉత్ప్రేరకం సమతాస్థితిలో దిగుబడిని పెంచుతుంది" అన్నదాన్ని సరైన జవాబుగా పెట్టారు, నమ్మండి! ముందుకీ వెనక్కీ జరిగే చర్యల వేగాలు రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి సమతాస్థితి (ఆ రెండు వేగాలూ సమానమయ్యే చోటు) కదలదని మొదటి వారంలో చెప్పింది వాళ్లే కదా. మెయిల్ పెడితే పది రోజులకి మార్చారు, నాకు కట్ చేసిన మార్కు మాత్రం తిరిగి రాలేదు.

ఐదుకి నాలుగు స్టార్లు. చేరే ముందు రేటు సమీకరణాలు ఒకసారి తిరగేసుకోండి, సార్ వాటి కోసం ఆగరు.