రెస్క్యూమీ పీఎల్‌బీ1: జాకెట్‌కి సరే, పడవకి చాలదు

ఆపదలో ఉన్న మనిషి ఎక్కడున్నాడో ఉపగ్రహాల ద్వారా రక్షకులకు తెలిపే చిన్న బీకన్ (సిగ్నల్ పంపే పరికరం) పీఎల్‌బీ. ఓషన్ సిగ్నల్ కంపెనీ పీఎల్‌బీ1 బరువు 116 గ్రాములే. లైఫ్ జాకెట్‌కి తగిలిస్తే అది ఉన్న సంగతే గుర్తురాదు. దాని అసలు బలం అదే. మనిషి నీళ్లలో, బీకన్ కేబిన్‌లో ఉంటే అది ఎంత ఖరీదైనదైనా దండగే కదా!

ఆన్ చేస్తే 406 మెగాహెర్ట్జ్‌పై సుమారు 50 సెకన్లకోసారి కోస్పాస్-సర్సాట్ అనే అంతర్జాతీయ రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలకు సిగ్నల్ పంపుతుంది. జీపీఎస్ అందితే మీరున్న చోటు సుమారు వంద మీటర్ల తేడాతో తెలుస్తుంది. అందకపోతే ఉపగ్రహాలే లెక్కగట్టుకోవాలి, తేడా కిలోమీటర్లకు పెరుగుతుంది. దగ్గరికొచ్చిన హెలికాప్టర్‌కి 121.5 మెగాహెర్ట్జ్ సిగ్నల్ దారి చూపుతుంది. బ్యాటరీ కనీసం 24 గంటలు వస్తుంది.

తిప్పలంతా యాంటెన్నాతోనే. కొలత టేపులా లోపల చుట్టుకుని ఉంటుంది. దాన్ని చివరిదాకా లాగి, మూత ఎత్తి, ఆన్ మీట నొక్కి పట్టాలి. నీళ్లు తగిలితే దానంతటదే ఆన్ అయ్యే రకం కాదిది. యాంటెన్నా ఆకాశంకేసి నిలువుగా ఉండాలి, చేత్తో పట్టుకోవాల్సిందే. నీళ్లలో మునిగితే సిగ్నల్ బయటికి వెళ్లదు. పైగా తనంత తాను తేలదు. కూడా ఇచ్చే సంచిలో పెట్టి, తాడుతో జాకెట్‌కి కట్టుకోండి.

మామూలు టెస్ట్ నెలకోసారి చాలు. జీపీఎస్ టెస్ట్ మాత్రం బ్యాటరీ తినేస్తుంది, అందుకే అది ఇన్నిసార్లే చేయాలని పరిమితి పెట్టారు. పొరపాటున ఆన్ అయితే ఆపేసి ఊరుకోవద్దు. మన తీరంలోనైతే కోస్ట్ గార్డ్ 1554కి వెంటనే ఫోన్ చేసి చెప్పాలి.

విదేశంలో కొనే మన నావికులు తరచూ మరిచేది రిజిస్ట్రేషన్. బ్రిటన్‌లో కొన్నదానిలో సాధారణంగా బ్రిటన్ దేశపు కోడే ఉంటుంది. భారత పడవలో వాడాలంటే మన దేశపు 419 కోడ్ వేయించి, ఈ అలర్ట్‌లు అందుకునే బెంగళూరులోని ఐఎన్‌ఎంసీసీ (ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్)లో నమోదు చేయించాలి. లేకపోతే అలర్ట్ అందినా అది ఎవరిదో, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలియదు.

ఓడలు ఒకదాని చోటు ఒకటి తెలుసుకునే రేడియో వ్యవస్థ ఏఐఎస్ ఇందులో లేదు కాబట్టి పక్కనున్న ఓడల తెరపై మీరు కనపడరు. సిగ్నల్ అందిందని చెప్పే రిటర్న్ లింక్ లైటూ లేదు. ఆ రెండూ కావాలంటే పీఎల్‌బీ3 చూడండి. ఇక పడవకైతే 48 గంటలు పనిచేసే ఈపిర్బ్ (పడవ పేరిట నమోదయ్యే పెద్ద బీకన్) వేరే ఉండాలి. హైడ్రోస్టాటిక్ రిలీజ్ (నీటి ఒత్తిడికి దానంతటదే విడిచే కొక్కెం) ఉన్న బ్రాకెట్‌లో పెడితే, పడవ మునిగినా నాలుగు మీటర్ల లోతులోపే విడిపోయి పైకి తేలుతుంది.

బ్యాటరీ ఆయుష్షు 7 ఏళ్లు. మార్చాలంటే సర్వీస్ సెంటర్‌కే పంపాలి. కొనేముందు డబ్బా మీది తేదీ కాదు, బీకన్ మీదున్న ఎక్స్‌పైరీ చూడండి.