లో స్పీడ్ స్కూటరా, కంపెనీ స్కూటరా: స్పేర్ పార్టుల లెక్కలో ఏది మేలు?

మా ఇంట్లో రెండు ఎలక్ట్రిక్ బండ్లున్నాయి. నాన్నది 250 వాట్ల మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు దాటని లో స్పీడ్ స్కూటర్. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నాది టచ్ స్క్రీన్, యాప్ ఉన్న పెద్ద కంపెనీ బండి. కొనేటప్పుడు మైలేజీ, స్పీడు చూసుకున్నాం. పాడైతే ఏంటనేది అప్పుడు తట్టలేదు.

మొన్న వానల్లో నాన్న బండి ఆగిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా కదలదు. తెనాలిలో మెకానిక్ హ్యాండిల్ కింద నుంచి మూడు సన్నటి తీగలు బయటికి లాగి మల్టీమీటర్ పెట్టాడు. ఎర్ర, నల్ల తీగల మధ్య ఐదు వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి. మూడో తీగలో మాత్రం ఎంత తిప్పినా ముల్లు లేవట్లేదు. "లోపల హాల్ సెన్సర్ పోయిందండి" అన్నాడు, అంటే యాక్సిలరేటర్ ఎంత తిప్పామో పసిగట్టే చిన్న భాగం. డబ్బాలోంచి ఇంకో థ్రాటిల్ (యాక్సిలరేటర్ పిడి) తీసి బిగించాడు. మేం టీ తాగి వచ్చేసరికి బండి రెడీ. అది ఏ కంపెనీదో మేమూ అడగలేదు, అతనూ చెప్పలేదు. మోటారుకి వెళ్లే కరెంటుని అదుపు చేసే కంట్రోలర్, చార్జర్ కూడా అంతే. వోల్టేజీ, వాట్లు, కనెక్టర్, చార్జరైతే బ్యాటరీ రకం కూడా కలిస్తే చాలావరకు పనైపోతుంది.

నా బండి అలా ఒప్పుకోదు. డిస్‌ప్లే, కంట్రోలర్, బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపలా కాసే సర్క్యూట్) ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. డిస్‌ప్లే పోయినప్పుడు బయట కొనడానికి దొరకలేదు. దొరికినా కంపెనీ వాళ్లే కంప్యూటర్ పెట్టి జత చేయాలట. విజయవాడ సర్వీస్ సెంటర్లో "స్టాక్ లేదు సార్, పైనుంచి రావాలి" అన్నారు. పదహారు రోజులు పట్టింది. వారంటీలో ఉంది కాబట్టి డబ్బు పోలేదు, టెన్షన్ మాత్రం మిగిలింది.

టైర్లు, బేరింగులు, బ్రేకుల విషయంలో రెంటికీ పెద్ద తేడా లేదు.

బ్యాటరీ దగ్గరే లెక్క తిరగబడుతుంది. నాన్న బండిలో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఐదు వరసగా ఉంటాయి. అవి ఎక్కడైనా దొరుకుతాయి కానీ త్వరగా నీరసిస్తాయి. ఒక్కటే కొత్తది వేస్తే మిగతా నాలుగూ దాన్నీ కిందికి లాగేస్తాయి, మొత్తం సెట్ మార్చాల్సిందే. నా లిథియం ప్యాక్‌కి ఏళ్ల వారంటీ ఉంది. అలాగని తక్కువకొస్తుందని లోకల్‌గా కట్టిన లిథియం ప్యాక్ మాత్రం నేను ఏ బండికీ పెట్టించను. సెల్స్ సరిపోలకపోయినా, బీఎంఎస్ నాసిరకమైనా నిప్పుతో చెలగాటమే.

ఊళ్లో తిరగడానికే అయితే లో స్పీడ్ చాలు. రోజూ దూరం పోవాలంటే కంపెనీ బండే, కానీ సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉంటేనే. కొనేముందు షోరూమ్‌లో కాదు, వెనక సర్వీస్ షెడ్డులో అడగండి: "ఈ మోడల్ కంట్రోలర్ ఇవాళ స్టాకులో ఉందా?" పార్టుల కోసం దుమ్ము పట్టి నిలబడ్డ బండ్లు ఎన్నున్నాయో కూడా ఓ కంట చూడండి.

నా బండి అక్కడున్న పదహారు రోజులూ ఆఫీసుకి నాన్న స్కూటర్ మీదే వెళ్లాను, రోజూ అరగంట ముందు బయల్దేరి.