వరదలో తడిసిన నెగెటివ్‌లు, నాయన యుద్ధం డైరీ: ఈ స్టూడియోకి నాలుగు స్టార్లు

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర సందులో మెట్లెక్కి పైకి పోతే ఈ స్టూడియో. బోర్డు సగం టీ కొట్టు రేకు వెనక దాక్కుంది, చూసుకుంటూ పోవాలి. పాస్‌పోర్ట్ ఫోటోకైతే ఇంత దూరం అక్కర్లేదు. ఇంట్లో పాత నెగెటివ్‌లు మూలుగుతున్నవాళ్ల కోసం రాస్తున్నా.

మా నాయన సైన్యంలో ఫోటోగ్రాఫర్. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో తూర్పు వైపు, అఖౌరా మీదుగా మేఘనా నది దాకా పోయినాడు. డ్యూటీలో తీసిన ఫిల్మ్ అక్కడే అప్పజెప్పేశాడు. సొంత డబ్బుతో కొన్న ఐదు రోల్స్, ఒక పెన్సిల్ డైరీ మాత్రం ఇంటికొచ్చాయి. ఆయన 2004లో పోయినాడు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు ఆ ట్రంకుపెట్టె రెండు రోజులు నీళ్లలోనే ఉంది. తర్వాత ఎండబెట్టాం గానీ నెగెటివ్‌లు తడి అప్పడాల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

మొదట ఇంకో చోట ఒక పాత ప్రింటు ఇచ్చి చూశా. షాపు పేరు ఎందుకులే. అరటిచెట్టుకు అద్దం తగిలించుకుని ఒక జవాను గడ్డం గీసుకుంటున్న ఫోటో అది. రంగులేసి ఇచ్చారు. చెంపలు గులాబీ రంగు, అద్దంలో నీలం ఆకాశం. "ఏఐ సార్, ఎంత క్లియర్‌గా వచ్చిందో చూడండి" అన్నాడు కుర్రాడు. మా అమ్మ చూసి "ఎవరప్పా ఈ పెండ్లికొడుకు?" అనింది.

ఈ స్టూడియో ఆయనకు అరవై దాటుంటాయి. డార్క్‌రూమ్‌లో చేయి తిరిగిన మనిషి. కవరు తెరిచి ముందు వాసన చూశాడు. పాత ఫిల్మ్ కుళ్లడం మొదలైతే వెనిగర్ వాసన కొడుతుందట. "ఇంకా రాలేదన్నా, బతికినాయి" అన్నాడు. డిస్టిల్డ్ వాటర్‌లో రోజుకొక కట్ట నానబెట్టి, వేళ్లతో కాకుండా నీళ్ల కిందే మెల్లగా విడదీశాడు. 60 ఫ్రేముల్లో 41 నిలిచాయి. 12 నెగెటివ్‌ల మీద బొమ్మే ఊడిపోయింది. మిగతా ఏడింటిని ముట్టుకోనని చెప్పేశాడు. "లాగితే రెండూ పోతాయి, అట్లే ఉండనీ." డబ్బు పోయినా ఆ పని చేయని మనిషంటే నాకు నమ్మకం కుదిరింది.

ఇంకో సంగతి. ఆయన నెగెటివ్‌ను అంచులతో సహా స్కాన్ చేస్తాడు. 120 ఫిల్మ్ (పాత కెమెరాల్లో వేసే వెడల్పు రోల్) అంచు మీద ఫ్రేము నంబరు ఉంటుంది, నాయన రోల్ గుర్తుకు కత్తెరతో గాట్లు పెట్టేవాడు. అంచు కత్తిరిస్తే ఆ లెక్కంతా పోయేది. డైరీని రంగుల్లోనే స్కాన్ చేశాడు. బురద మరక వేరు, పెన్సిల్ గీత వేరు అని తెలియాలంటే అదే దారి అన్నాడు. పెన్సిల్ మెరవకుండా లైట్లు పక్కల నుంచి పెట్టాడు.

ఇప్పుడు డైరీ, ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నా. డిసెంబర్ 9: "అవతలోళ్లు పోతూ పోతూ మేఘనా మీద రైలు వంతెన పేల్చేశారు. చేతిలో టీ ఒలికింది." ఆ తర్వాత వరసగా హెలికాప్టర్లు, నాటు పడవలు, తెడ్డు వేస్తున్న ఊరివాళ్లు. బంధువులందరూ అడిగేది పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగిపోతూ సంతకం పెట్టే ఫోటో ఉందా అని. లేదు. డిసెంబర్ 16 కింద ఉన్నది ఇంతే: "సాయంత్రం రేడియోలో విన్నాం. ఫిల్మ్ అయిపోయింది."

రోల్ 3, ఏడో ఫ్రేము దగ్గర రాసుంది: "అద్దం నాది. నాయక్ తిరిగి ఇయ్యలేదు." నాయక్ అంటే సైన్యంలో ఒక ర్యాంకు. ఆ అరటిచెట్టు ఫోటోనే. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే అద్దం మూలలో కెమెరా పొట్టకు ఆనించుకుని, తల వంచి చూస్తున్న ఒక మనిషి. ముఖం కనపడదు. అమ్మకు చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, "కుడి భుజం కిందికి వాలింది చూడు, మీ నాయనే" అనింది. యుద్ధంలో దిగిన ఆయన ఫోటో మా దగ్గర ఇంకొకటి లేదు. ఆ చోటునే ఏఐ ఆకాశంతో పూడ్చేసింది.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, మూడు వారాలన్నది తొమ్మిది వారాలైంది. ఫోన్ ఎత్తడు. రెండుసార్లు పోతే షట్టర్ దించి ఉంది. ఒరిజినల్స్ అన్నీ ఆయన దగ్గరే, నాకు టెన్షన్. రసీదు కూడా నేను అడిగితేనే చీటీ మీద రాసిచ్చాడు, మీరు తప్పకుండా అడగండి.

నెగెటివ్‌కు 60 రూపాయలు, డైరీ పేజీకి 10. 41 నెగెటివ్‌లు, 112 పేజీలకు 3,580 అయింది. నానబెట్టిన పనికి వేరే తీసుకోలేదు. పెన్‌డ్రైవ్ మనమే తీసుకుపోవాలి. ఫైళ్లు పెద్దవి, 16 జీబీది నాకు సరిపోలేదు, మళ్లీ కిందికి దిగి కొనుక్కొచ్చా. బండి పాత బస్టాండు వైపే పెట్టుకుని నడిచి రండి. సోమవారం మూసి ఉంటుంది.