సెయిషున్ 18 టికెట్: చాలాకాలం వాడినవాడి మాట

చెన్నై పక్కన ఒరగడం, శ్రీపెరుంబుదూరు వైపు జపాన్ కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్ళలో ఎవరో ఒకరు ఎప్పుడూ జపాన్ ప్రయాణానికి పెట్టె సర్దుతూనే ఉంటారు. వెళ్ళేముందు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. పప్పులు, చింతపండు అక్కడ దొరుకుతాయా? చలికోటు ఇక్కడే కొనాలా? తిరగడానికి ఏ పాస్ మంచిది? మొదటి రెండూ మా ఆవిడ చూసుకుంటుంది. మూడోది నా డిపార్ట్‌మెంటు. యొకొహామాలో కాపురమున్న ఏళ్ళలో సెలవు దొరికితే చాలు, నా జేబులో సెయిషున్ 18 టికెట్ ఉండేది. చెన్నై వచ్చేశాక కూడా ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు నాలుగు రోజులు సెలవు కలుపుకుని, కొత్త రూల్స్‌తో వస్తున్న టికెట్ కూడా వాడి చూశాను. అందుకే ఈ సమీక్షలో పాతదానికి ఒక మార్కు, కొత్తదానికి ఇంకో మార్కు.

ముందు అదేమిటో చెప్పాలి. 1982లో, జపాన్ రైల్వే ఇంకా ప్రభుత్వం చేతిలో ఉండగా మొదలైన టికెట్ ఇది. పేరులో 18 ఉందని కాలేజీ పిల్లలకే అనుకోకండి, వయసుతో పనిలేదు. దేశంలో ఏ మూలకైనా జె.ఆర్. (అంటే జపాన్ రైల్వే) లోకల్, రాపిడ్ రైళ్ళలో రోజంతా తిరగొచ్చు. షిన్‌కాన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు ఎక్కకూడదు, ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కకూడదు. వేసవి, చలికాలం, వసంతం, ఈ మూడు సెలవుల సీజన్లలోనే అమ్ముతారు. నేను వాడినప్పుడు ఐదు రోజులకు 12,050 యెన్లు, అంటే రోజుకు 2,410. యొకొహామా నుంచి ఒసాకాకు షిన్‌కాన్‌సెన్‌లో ఒక్కసారి వెళ్ళడానికే అంతకంటే ఎక్కువవుతుంది.

టూరిస్టులు కొనే జె.ఆర్. పాస్ ఉంది కదా అంటారు. వర్క్ వీసా మీద అక్కడ ఉంటున్న మనకు అది ఇవ్వరు. పైగా 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ ధరను 29,650 యెన్ల నుంచి ఒకేసారి 50,000కు పెంచేశారు.

పాత టికెట్‌లో అసలు మజా ఏమిటంటే, ఐదు రోజులూ వరసగా వాడక్కర్లేదు. వాడిన రోజుకొక ముద్ర గేటు దగ్గర వేస్తారు. ఈ శనివారం ఒకటి, వచ్చే ఆదివారం ఒకటి, ఇష్టం. లేదా ఐదుగురు కలిసి ఒక్కరోజులో ఐదు ముద్రలూ వేయించుకోవచ్చు. మా తెలుగు బ్యాచ్ నిక్కో అనే ఊరికి వెళ్ళింది అలాగే. యొకొహామా నుంచి ఉత్సునోమియా, అక్కడ రైలు మారి నిక్కో. టికెట్ ఒక్కటే కాబట్టి గేటు దగ్గర అందరూ కలిసే లోపలికి వెళ్ళాలి, కలిసే బయటికి రావాలి. ఒకడు లేవడం ఆలస్యమైతే మిగతా నలుగురూ స్టేషన్ బయట చలిలో నిలబడి వాడి ఫోన్ రింగవుతుంటే వినాలి. ఆ రోజు వాణ్ణి తిట్టిన తిట్లు ఇప్పటికీ మా గ్రూపులో తిరుగుతుంటాయి.

ఒసాకా దారి గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ టికెట్ మంచీ చెడూ రెండూ ఆ దారిలోనే తెలుస్తాయి. పొద్దున్నే బయల్దేరితే ఐదారు రైళ్ళు మారుతూ సాయంత్రానికి చేరతాం. ఒదవారా దాటాక ఎడమవైపు కూర్చోవాలి. నెబుకావా స్టేషన్ దగ్గర కింద సముద్రం మొత్తం కనిపిస్తుంది. అతామి తర్వాత కుడివైపు మారాలి, నుమాజు దాటాక ఆకాశం తేటగా ఉంటే ఫూజీ కొండ చాలాసేపు వెంట వస్తుంది. షిన్‌కాన్‌సెన్‌లో ఫోన్ తీసేలోపే ఫ్యాక్టరీ గొట్టం అడ్డొచ్చేస్తుంది. ఇక్కడ మాత్రం స్టేషన్ స్టేషన్‌కూ ఆగి చూడొచ్చు.

అక్కడి నుంచి కష్టకాలం. షిజువొకా జిల్లా పొడవునా గోడకి ఆనించిన బెంచీ సీట్లు. నేను తిరిగిన రోజుల్లో చాలా రైళ్ళలో టాయిలెట్ కూడా ఉండేది కాదు. హమామత్సు వచ్చేసరికి నడుము పోతుంది. కానీ మైబారాలో రైలు మారేటప్పుడు చూడాలి తమాషా. అరనిమిషం ఆలస్యానికి కూడా మైకులో క్షమాపణ చెప్పే దేశంలో, పెద్ద పెద్ద బ్యాగులేసుకున్న మనుషులు సీటు కోసం మెట్ల మీద పరుగులు. తాంబరంలో లోకల్ ఈసారి వేరే ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని అనౌన్స్ చేసినప్పుడు జనం ఉరికినట్టే ఉంటుంది, కాకపోతే అరుపులుండవు.

తిండి సంగతి. నేను చేప తింటాను కాబట్టి నాకు ఇబ్బంది లేదు. మా ఆవిడ శాకాహారి. ప్లాట్‌ఫారం మీద సోబా (జపాన్ నూడుల్స్) బండి కనిపించినా అందులో రసం ఎండుచేపతో కాస్తారు. అందుకే ప్రయాణమంటే ముందురోజు రాత్రి పులిహోర కలపాల్సిందే. బెంచీ సీట్ల రైల్లో డబ్బా తెరిస్తే ఇంగువ వాసనకు పెట్టంతా తలెత్తి చూస్తుంది, కాబట్టి రైలు మారే స్టేషన్లో బల్ల మీద కూర్చుని తినేవాళ్ళం. నాకైతే నగానో వైపు దారిలో, కొండ కింద ఉన్న యొకొకావా స్టేషన్లో 1958 నుంచి అమ్ముతున్న కుండ అన్నం ఇష్టం. నిజంగానే చిన్న మట్టికుండలో, మూతతో సహా ఇస్తారు. తిన్నాక కుండ మనదే. బరువని ఎంత గొణిగినా ఒకటి చెన్నైలో మా పోరూరు ఇంటి దాకా వచ్చింది. మా ఆవిడ దాంట్లో పెరుగు తోడేస్తుంది.

యొకొకావా దగ్గరే ఈ టికెట్‌లోని పెద్ద చిక్కు కూడా ఉంది. 1997లో నగానో వైపు షిన్‌కాన్‌సెన్ వచ్చాక అక్కడితో పాత లైను ఆగిపోయింది. కొండ పైకి వెళ్ళే బస్సుకు ఈ టికెట్ చెల్లదు. పైన కరుయిజావా నుంచి లైను వేరే కంపెనీది, అక్కడా చెల్లదు. షిన్‌కాన్‌సెన్ కొత్త ఊరికి వచ్చినప్పుడు చాలాచోట్ల పక్కనున్న పాత లైను జె.ఆర్. చేతి నుంచి స్థానిక కంపెనీలకు పోతుంది, మన టికెట్ మ్యాపు ఇంకాస్త చిన్నదవుతుంది. 2024 మార్చిలో షిన్‌కాన్‌సెన్ త్సురుగా దాకా వచ్చాక, మేము ఒకప్పుడు ఇదే టికెట్ మీద ఆ ఊరి మీదుగా హాయిగా వెళ్ళిన కనజావాకు ఇప్పుడు మధ్యలో వేరే టికెట్ కొనాలి.

పల్లె లైన్లు మాత్రం ఇంకా బాగున్నాయి. ఒక్క పెట్టె రైలు, డ్రైవర్ ఒక్కడే, చలికాలంలో తలుపు మనమే బటన్ నొక్కి తెరుచుకోవాలి. సీటు కింద హీటర్ పిక్కలు కాల్చేస్తుంటే పైన మాత్రం చెయ్యి చల్లగా ఉంటుంది. డ్రైవర్ ప్రతి సిగ్నల్‌నూ వేలితో చూపించి పైకి చెబుతాడు, పొరపాటు జరక్కుండా. మా అబ్బాయి ఎప్పుడూ అతని వెనకాల అద్దం దగ్గరే నిలబడేవాడు. ఇప్పుడు పూనమల్లి రోడ్డు మీద బండి ముందు కూర్చుని అదే పని చేస్తున్నాడు. రెడ్ అని వాడు వేలు చూపిస్తుండగానే పక్కనుంచి షేర్ ఆటో వెళ్ళిపోతుంది.

ఎహిమే జిల్లాలో షిమొనాడా అని సముద్రం ఒడ్డున ఒక చిన్న స్టేషన్ ఉంది. ఈ టికెట్ ప్రకటనల పోస్టర్లలో పలుసార్లు వచ్చింది. ఫొటోల జనం ఎక్కువే, అయినా వెళ్ళండి. రైళ్ళు తక్కువ, తిరుగు రైలు టైము చూసుకుని దిగండి. అలాగే హిరోషిమా దగ్గర మియాజిమా దీవికి వెళ్ళే జె.ఆర్. పడవకు కూడా ఈ టికెట్ చెల్లుతుంది, వేరేగా దీవి పన్ను 100 యెన్లు కట్టాలి.

ఇక కొత్త టికెట్. 2024 చివరి చలికాలం సీజన్ నుంచి రూల్స్ మారాయి. మూడు రోజులకు 10,000 యెన్లు, ఐదు రోజులకు అదే 12,050. కానీ వరస రోజుల్లోనే వాడాలి, ఒక్కరే వాడాలి. ఆటోమేటిక్ గేటులో దూరుతుంది, ముద్ర కోసం క్యూలో నిలబడక్కర్లేదు, అదొక్కటే లాభం. ఉద్యోగస్థుడికి వరసగా ఐదు రోజులు ఎక్కడ దొరుకుతాయి? దొరికినా మూడో రోజుకే నడుము సెలవడుగుతుంది. ఇంకొకటి, వానకో మంచుకో లోకల్ ఆగిపోయి మీరు షిన్‌కాన్‌సెన్ ఎక్కాలనుకుంటే, పై ఛార్జీ ఒక్కటే కట్టి ఎక్కనివ్వరు. మామూలు టికెట్ డబ్బులు కూడా పూర్తిగా పెట్టాలి.

పాతదానికి ఐదుకు ఐదు. కొత్తదానికి మూడు, అది కూడా పల్లె లైన్లు చూసి.

మొన్న క్యాంటీన్‌లో ఒక జూనియర్ అడిగాడు, "అన్నా, పిల్లలిద్దరితో వెళ్తున్నాం, నాలుగు తీసేసుకోనా?" వద్దన్నాను. దీంట్లో పిల్లలకు సగం ధర లేదు, మామూలు టికెట్లలో ఉంది. కుటుంబంతో అయితే ఆ దారే నయం. ఒంటరిగా వెళ్తూ, ఎక్కడ దిగాలో ముందే నిర్ణయించుకోనివాళ్ళయితే మూడు రోజులది కొనండి. వాడకం గడువు కంటే ముందే అమ్మకం ఆపేస్తారు కాబట్టి, సీజన్ చివర్లో వెళ్ళేవాళ్ళు దిగిన రోజే స్టేషన్‌లో తీసుకోండి.