అరకు దారిలో రెండు బదనికలు

అరకు వెళ్లేవాళ్లు మంచు కోసం డిసెంబరులో వెళతారు. మేము జూన్ మొదటి వారంలో వెళ్లాం. "ఉక్కపోతలో ఎవరైనా అరకు వెళతారా బావా?" అని మా బావమరిది ముందే మొత్తుకున్నాడు గానీ, కొత్త కెమెరా కొన్నాడు కాబట్టి చివరికి వచ్చాడు. నాకు కావలసింది మంచు కాదు, వాండా టెసలేటా అనే అడవి ఆర్కిడ్. ఈ పిచ్చికి కారణం మా ఊరు. మాది సామర్లకోట పక్క. 1780ల్లో అక్కడ మొక్కలు పెంచుతూ, బొమ్మలు వేయిస్తూ ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద తెచ్చిన పుస్తకంలో ఈ మొక్క కూడా ఉంది. టెసలేటా అంటే గళ్లుగళ్లుగా పరిచినది అని. పువ్వును చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టాడో వెంటనే తెలుస్తుంది. ఇన్నేళ్లు వచ్చినా నేను ఒక్కసారీ చూడలేదు.

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలులో అద్దాల పెట్టె ఎక్కాం. లోయలూ సొరంగాలూ చూడటానికి అది బాగుంటుంది, డబ్బు దండగ అనను. ఆర్కిడ్లు వెతకడానికి మాత్రం పనికిరాదు. కొమ్మ మీద ఏదో వేలాడినట్టు కనిపిస్తుంది, వేలు చూపించేలోపు సొరంగం వచ్చేస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎస్.కోట బస్సెక్కి, నచ్చినచోట దిగి, మళ్లీ వెనక వచ్చే బస్సునో ఆటోనో పట్టుకున్నాం. చెమటలు కారాయి గానీ చూసినవన్నీ అప్పుడే చూశాం.

మొదటి రాత్రి అరకులోనే దిగాం. సీజన్ కాదు కాబట్టి గది సగం ధరకే వచ్చింది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు గంటసేపే. బోర్డు మీద ఆర్కిడ్ల తోట ఉందని రాశారని ఆ బస ఎంచుకున్నాను. తోట అంటే వరండాలో పది కుండీలు, వాటిలో ఊదారంగు డెండ్రోబియం సంకరజాతులు. పెళ్లిమండపాల అలంకరణలో కనిపించే రకమే. "ఇవన్నీ అడవివేనండీ" అన్నాడు అక్కడి కుర్రాడు. నిజంగా అడవివి పెరట్లో ఉన్నాయి. కొబ్బరిపీచుకు ఇనపతీగతో బిగించిన నాలుగు వాండాలు, వేళ్లు తెగి, ఆకులు ముడతలు పడి ఉన్నాయి. ఎవరో తెచ్చి అమ్మితే కొన్నారట. కుండీల్లో ఉన్నవాటిని నర్సరీల్లో వేలల్లో పెంచుతారు, కావాలంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. పెరట్లోవాటికి అలాంటి దారి లేదు. ఆర్కిడ్ విత్తనం ధూళిలా ఉంటుంది, దానిలో మొలకకు తిండి ఉండదు. సరిపడే బూజు జాతి ఏదైనా తోడైతేనే అది మొలుస్తుంది, ఆ తరువాత పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక కాయలో లక్షల విత్తనాలున్నా పూసే మొక్కను పీకితే వచ్చే నష్టం అంత తేలిగ్గా పూడదు. ఇదంతా ఆ కుర్రాడికి చెప్పాను. శ్రద్ధగా విని, టీ తెమ్మంటారా అని అడిగాడు.

అరకు ఊరి చుట్టుపక్కల అడవి ఆర్కిడ్ల కోసం ఒక రోజు పాడుచేసుకోవద్దని నా సలహా. చాపరాయి దగ్గర జనం, బొంగు చికెన్ దగ్గర పొగ. చికెన్ మాత్రం బాగుంది. కాఫీ తోటల్లో నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్ల మీద మాకు ఒక్క వాండా కూడా కనిపించలేదు. వాటి మధ్య మిగిలిన పాత పనస, మామిడి చెట్ల మీదే ఉన్నాయి. అనంతగిరి నుంచి టైడా వరకు ఘాట్ దారి ఇంతకంటే చాలా మేలు. మేము రెండో రాత్రి టైడా వైపు ఉన్నాం. గది చిన్నది, కరెంటు రెండుసార్లు పోయింది, పొద్దున చోడి అంబలి పెట్టారు. మళ్లీ వెళితే నేరుగా అక్కడికే వెళతాను.

దారి చూపడానికి ఒక పెద్దాయన వచ్చాడు. పూట పనికి ఆరువందలు అడిగాడు, ఇచ్చాం. ఆయనను బాబాయి అని పిలిచాం. నేను ఫోనులో ఫోటో చూపించగానే "బదనికా? మా మామిడి మీద ఉంటే నిరుడు గీకి పారేశాను" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. తప్పు ఆయనది కాదు, మాటది. చెట్టు మీద మొలిచినదాన్నల్లా మనం బదనిక అనే అంటాం. వాండా అనే పేరు వచ్చిన సంస్కృతపు మాటకూ ఇంచుమించు అదే అర్థం. కానీ ఒక బదనిక నిజంగానే చెట్టు రసం తాగుతుంది. గుబురుగా కొమ్మలు వేసి, ఎర్రని గొట్టాల్లాంటి పూలు పూసి, జిగురు విత్తనాలను పిట్టల చేత పక్క కొమ్మకు అంటిస్తుంది. మామిడి రైతు దాన్ని కొట్టేయడం న్యాయమే. రెండో బదనిక ఏమీ తాగదు. వానా మంచూ పడినప్పుడు తడిని వేళ్లతో పట్టుకుని బతుకుతుంది.

ఎలా వివరించాలా అని నేను తంటాలు పడుతుంటే, ఆయనే కత్తి అనుభవంతో తేల్చేశాడు. "ఒకటి గోరుతో లేస్తది, ఇంకోటి కొమ్మ నరికితేనే పోతది. మొదటిది కూర్చునేది, రెండోది తాగేది." ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు. తాగేదాని మొదట్లో కొమ్మ కణితిలా ఉబ్బుతుంది. కూర్చునేదాని కింద కొమ్మ మామూలుగానే ఉండి, పైన తెల్లని వేళ్లు బెరడును కరుచుకుని పాకుతాయి. సీసాలో నీళ్లు చల్లితే ఆ తెలుపు కాసేపట్లో పచ్చబడుతుంది.

పూసిన వాండా అనంతగిరి దిగువన ఒక మామిడి చెట్టు మీద దొరికింది. పసుపూ గోధుమా కలిసిన రేకుల మీద వల అల్లినట్టు గీతలు, వెనక తిప్పి చూస్తే తెలుపు, మధ్యలో పెదవిలా ముందుకొచ్చిన నీలి ఊదా రేకు. వాసన తియ్యగా ఉంది. ఆకులు సన్నగా, నిలువునా మడిచినట్టు, చివర ఎవరో కొరికినట్టు ఉన్నాయి. అదే చెట్టు పైకొమ్మన మరొకటి వెడల్పాటి ఆకులతో, తెలుపూ గులాబీ చుక్కల పూలగుత్తి నక్కతోకలా వేలాడేసుకుని ఉంది. అది రింకోస్టైలిస్ రెటూసా, అస్సాంవాళ్లు బిహూ పండుగకు జడలో పెట్టుకునే పువ్వు. మా బావమరిది కొమ్మ వంచమన్నాడు, బాబాయి వంచనన్నాడు. ఆ ఒక్కమాటతోనే ఆరువందలూ గిట్టుబాటయ్యాయి. పువ్వు ముందూ వెనకా, ఆకు కొస, వేళ్లు, చెట్టు మొత్తం కనిపించేలా విడివిడిగా ఫోటోలు తీస్తే జాతిని గుర్తుపట్టడానికి అవే చాలు. పువ్వు ఒక్కటే తీస్తే చాలదు, పూత లేని పదినెలలు ఎలా గుర్తుపడతారు?

ఇంకాస్త కిందకు వస్తే రోడ్డు పక్కన కొట్టి పడేసిన పనస చెట్టు, దాని మీద మూడు వాండా గుబుర్లు. బాబాయి ఎవరికో ఫోను చేశాడు, అటవీశాఖ మనిషి వచ్చి చూసి సరే అన్నాక, వేళ్లు తెగకుండా బెరడుతో సహా ఊడదీశారు. పక్కనున్న గరుకు బెరడు మామిడికి, అంతకుముందు ఉన్నంత నీడలోనే, పాత గుడ్డపీలికలతో కట్టారు. ఇనపతీగ వాడనివ్వలేదు. జూన్ కావడం కలిసొచ్చింది, వానలకు కొత్త వేళ్లు వచ్చి బెరడును పట్టుకుంటాయి.

మందుకు వాడే వేళ్ల కోసం కూడా ఈ వాండాను పీకుతారు. ఆయుర్వేదంలో రాస్న అనే మూలిక ఉంది. మన వైపు రాస్న అంటే అల్లం జాతి దుంపరాష్ట్రం, బెంగాల్ వైపు ఈ వాండా వేళ్లే రాస్న.

ఇంటికొచ్చిన పదిరోజులకు బావమరిది ఫోను చేశాడు. వాళ్ల దొడ్డి మామిడి చెట్టుకు బదనిక కొట్టడానికి మనిషిని పిలిచారట, ముందు తనే నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాడట. "రెండూ ఉన్నాయి బావా" అన్నాడు. ఫోటో పంపమన్నాను. ఆకులు మాత్రమే తీశాడు, వేళ్లు కనిపించలేదు. మళ్లీ ఎక్కమన్నాను.