ప్రతిభా, నైపుణ్యమా, టాలెంటా? పుట్టుకతో వచ్చినదానికి ఏ మాట మేలు

మాండొలిన్ శ్రీనివాస్ గురించి "ఆయనకు గొప్ప నైపుణ్యం ఉండేది" అని రాస్తే తప్పేమీ కాదు గానీ, చదివేవాళ్లకు ఎక్కడో తక్కువైనట్టు ఉంటుంది. పాలకొల్లులో పుట్టిన పిల్లాడు 1978లో, తొమ్మిదేళ్ల వయసులో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశాడు, అదీ కర్ణాటక సంగీతానికి బొత్తిగా అలవాటు లేని విదేశీ వాయిద్యం మీద. దీనికి ప్రతిభ అన్న మాటే సరిపోతుంది.

ఈ తేడా నేను కల్పించింది కాదు, చాలా పాతది. 11వ శతాబ్దపు సంస్కృత అలంకారికుడు మమ్మటుడు కావ్యం పుట్టడానికి శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కావాలన్నాడు. శక్తి అంటే ప్రతిభే, కవిత్వానికి విత్తనం లాంటిది. నిపుణత మాత్రం లోకాన్ని, శాస్త్రాలను, కావ్యాలను చూసి సంపాదించుకునేది. నైపుణ్యం అన్న మాటకు ఇప్పటికీ ఆ వాసన పోలేదు, అందుకే నైపుణ్యాభివృద్ధి సంస్థలు ఉన్నాయి గానీ "ప్రతిభాభివృద్ధి సంస్థ" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

అయితే ప్రతిభను పేపర్లు బాగా అరగదీశాయి. పదో తరగతి ఫలితాలు వస్తే చాలు, "ప్రతిభ చాటిన విద్యార్థులు" అని హెడ్డింగ్, కింద మార్కులు. అక్కడ ప్రతిభ అంటే మార్కులే, పక్క పేజీలో "సత్తా చాటారు" అన్నా అదే అర్థం. కాబట్టి పుట్టుకతో వచ్చిందని స్పష్టంగా చెప్పాలంటే ఇవాళ "సహజ ప్రతిభ" అనక తప్పట్లేదు. పాత అర్థం తెలిసినవాళ్లకు ఇది చెప్పిందే చెప్పినట్టుంటుంది, అయినా నేను అలాగే రాస్తాను.

మాట్లాడేటప్పుడైతే టాలెంట్. పోట్లాడి లాభం లేదు, "మాంచి టాలెంట్ ఉన్నోడు" అన్నంత చులాగ్గా ఇంకోటి నోట్లోంచి రాదు. కాకపోతే రీల్స్‌లో గెంతేవాడి నుంచి సెంచరీ కొట్టినవాడి దాకా అందరికీ అదే మాట కాబట్టి దాని బరువు కొంత తగ్గింది.

నన్నడిగితే అన్నిటికంటే మేలైనది అసలు నామవాచకమే కాదు, అబ్బడం అనే క్రియ. "వాడికి పాట అబ్బింది", "తాతగారి గొంతు మనవరాలికి అబ్బింది" అన్నప్పుడు ఆ మనిషి చేసిందేమీ లేదు, విద్యే వెతుక్కుంటూ వచ్చి చేరింది. గొప్ప చెప్పుకున్నట్టూ ఉండదు. దీనికీ చిక్కులు లేకపోలేదు: చెడు అలవాట్లు కూడా అబ్బుతాయి, పైగా హెడ్డింగులో పెట్టడానికి కుదరదు, ఇక "వీడికి చదువు అబ్బలేదు" అని పిల్లాడి ముందే తేల్చేసే పెద్దల సంగతి చెప్పనే అక్కర్లేదు, సరిగ్గా చదువు చెప్పలేనివాళ్లకు అదొక మంచి సాకు.

వెన్నతో పెట్టిన విద్యను చాలామంది సహజ ప్రతిభకు వాడేస్తారు. నిజానికి అది పసితనంలోనే నేర్పిన విద్య, కడుపులోంచి తెచ్చుకున్నది కాదు. పైగా ఈ మధ్య "అబద్ధాలాడటం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య" అని వెటకారానికే ఎక్కువ వినిపిస్తోంది, మెచ్చుకోవాలనుకున్నప్పుడు కొంచెం చూసుకుని వాడండి.

నేర్పు పేరులోనే నేర్చుకోవడం ఉంది. ఒడుపు చేతిది, దోసె చిరగకుండా తిప్పడానికి కావాల్సింది అదే, ప్రతిభ కాదు.

ఉద్యోగ దరఖాస్తులో మాత్రం ఆలోచించకుండా నైపుణ్యాలు అనే రాయండి. దానికి బహువచనం ఉంది, ఒక్కోటీ లెక్కపెట్టి చూపించొచ్చు. "నా ప్రతిభలు" అని జాబితా రాస్తే ఇంటర్వ్యూకి పిలిచేది నవ్వుకోవడానికే.